రేడియోను మూడుసార్లు విప్పాను

ఇంతవరకు ఈ పుటల్లో ఎక్కువగా వ్యాధుల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి ఒక వ్యసనం గురించి చెప్పనివ్వండి. అది నాదే. పొగ, మద్యం జోలికి పోని నన్ను చిన్ననాడే ఒక వ్యసనం పట్టుకున్నది. రేడియోలు, గ్రామఫోన్లు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లు నా ఇంట్లో ఒక గదిని ఆక్రమించి అరవయ్యేళ్ళు దాటింది. అది ఎలా మొదలైందో చెబుతాను. చివరికి దానినుండి ఒక వైద్య విషయమే తేలుతుంది. దయచేసి ఓపిక పట్టండి.

1961వ సంవత్సరం. నాకు పదేళ్ళు. విజయవాడ రహదారి మీద, నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మా నాన్నగారు ఉపాధ్యాయులు. మా వీధికి విద్యుత్తు వచ్చిన మరుసటి ఏడే ఆయన హైదరాబాదు వెళ్ళి ఒక మర్ఫీ రేడియో కొని తెచ్చారు. బస్సులో నాలుగైదు గంటలు ఒడిలోనే పెట్టుకుని వచ్చారట. ఆ రాత్రి ఇంటి నడవలో ఈ గోడ నుండి ఆ గోడకు జల్లెడలాంటి రాగి తీగపట్టీ ఒకటి కట్టారు. అదే ఏరియల్. మరునాడు పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు పుస్తకం తెచ్చుకున్నారు. ఇంట్లో రేడియో వినడానికి ప్రభుత్వానికి ఏటేటా రుసుము కట్టవలసిన కాలమది. నేటి పిల్లలకు చెబితే నమ్మరు.

ఆ రేడియో మీట తిప్పగానే మాట్లాడేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. ముందు అద్దం వెనుక పసుపు దీపం వెలిగేది. తరువాత ఆకుపచ్చని 'కన్ను' ఒకటి మెల్లగా తెరుచుకునేది. స్టేషను సరిగ్గా దొరికితే ఆ కంటి రెప్పలు దగ్గరపడేవి. ఆ అర నిమిషం మా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. వేడెక్కిన దుమ్ము, లక్క, చెక్క కలిసిన ఒక వాసన వచ్చేది. ఈనాటికీ పాత వాల్వు సెట్టు ముందు కూర్చుంటే ఆ వాసన నన్ను పదేళ్ళవాణ్ణి చేస్తుంది.

ఉదయం విజయవాడ కేంద్రం భక్తిరంజని, ఆ తరువాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. సాయంత్రం హైదరాబాదు కేంద్రం. నిజాం కాలంలో 1935 నుండి దక్కన్ రేడియోగా నడిచి, 1950లో ఆకాశవాణిలో కలిసిన కేంద్రమది. ఇక రేడియో సిలోను మాకు పండుగ. షార్ట్‌వేవ్ మీద ఆ స్వరం అలలాగా పైకి లేచి, మళ్ళీ సన్నగిల్లి, మళ్ళీ తేరుకునేది. తెలుగు పాటల నడుమ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గారి పలకరింపు సముద్రం దాటి వచ్చేవి. ఆ హెచ్చుతగ్గులకు కారణం నాన్నగారే చెప్పారు. ఆకాశంలో చాలా ఎత్తున విద్యుదావేశం గల పొర ఒకటి ఉన్నదనీ, షార్ట్‌వేవ్ తరంగాలు దానికి తగిలి వంగి మళ్ళీ నేలకు దిగుతాయనీ, ఆ పొర నిలకడగా ఉండదు గనుక ధ్వని ఊగుతుందనీ వివరించారు. "శబ్దం కూడా ఒక ప్రయాణికుడేరా" అన్నారు. ఆ మాటతోనే నేను చెడిపోయాను.

1968లో ఉస్మానియా వైద్య కళాశాలలో చేరాను. మా మేనమామ దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు ఉండేవారు. ఆయన ఇంటనే నా బస. నేటి దిల్‌సుఖ్‌నగర్ చూసినవారికి ఆనాటిది ఊహకు అందదు. మలక్‌పేట దాటితే ఊరు అయిపోయినట్టే అనిపించేది. ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాలు, వాటిలో తుమ్మచెట్లు, ఇంకా ముందుకు పోతే పొలాలు. రాత్రి తొమ్మిది దాటాక మలక్‌పేట స్టేషను వైపు నుండి రైలు కూత స్పష్టంగా వినవచ్చేది. అంత నిశ్శబ్దం ఉండేది.

1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది. నెలల తరబడి కళాశాలలు మూతపడ్డాయి. ఖాళీగా ఉన్న నేను కోఠీ సందుల్లో ఒక రేడియో మరమ్మతు దుకాణం ముందు నిలబడటం మొదలుపెట్టాను. నిలబడగా నిలబడగా, దుకాణదారు పెద్దాయన ఒకనాడు స్టూలు చూపించి కూర్చోమన్నాడు. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. మూడో రోజుకే సోల్డరింగ్ ఐరన్ చేతికి ఇచ్చాడు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "డాక్టర్ సాబ్, స్విచ్చు బందు చేసినా కండెన్సర్‌ల కరెంటు కూసోనుంటది. ఒక చెయ్యి ఎప్పుడూ జేబులనే పెట్టుకో."

ఆ మాటలోని శాస్త్రం నాకు శరీరధర్మశాస్త్రం చదివాక అర్థమైంది. వాల్వు సెట్టులో రెండు మూడు వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ఒక చేతిలో ప్రవేశించి రెండవ చేతి గుండా పోయే విద్యుత్తు మధ్యలో గుండెను దాటుతుంది. ఒక చేయి జేబులో ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఉస్తాద్ ఏ కళాశాలలోనూ చదవలేదు. కానీ రోగనిర్ధారణ పద్ధతిని నాకు ముందుగా నేర్పినవాడు ఆయనే. సెట్టు గుంయ్‌మని మోత పెడితే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని అనుమానించాలి. ధ్వని చీలితే స్పీకరు కాగితం చిరిగిందేమో వేలితో తట్టి చూడాలి. మీట తిప్పినప్పుడు బరబరమంటే అందులో దుమ్ము చేరిందన్నమాట. "ముందు విను, తరువాత చూడు, అప్పుడే విప్పు" అనేవాడు.

కళాశాల తెరిచాక స్టెతస్కోపు నా మెడలోకి వచ్చింది. 1816లో లెనెక్ కాగితపు గొట్టం చుట్టి రోగి ఛాతీ మీద ఆనించిన నాటి నుండి మా వృత్తి చెవిని నమ్ముకున్నది. ఆ పరికరానికి రెండు ముఖాలు ఉంటాయని మీరు గమనించే ఉంటారు. గంట ఆకారపు ముఖం మందర ధ్వనులను, పలుచని పొర బిగించిన ముఖం తీవ్ర ధ్వనులను బాగా పట్టుతుంది. మొదటిసారి దానిని చూసి "ఇదొక వూఫరు, ఇదొక ట్వీటరు" అనుకున్నాను. మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు వినవచ్చే ఆ సన్నని గుడగుడను నా తోటివారికంటే ముందు పోల్చుకోగలిగానంటే ఆ పుణ్యం రేడియో సిలోనుదే. హోరులో నుండి మాటను వేరుచేసే సాధన నాకు బాల్యంలోనే జరిగింది.

హౌస్ సర్జన్‌గా వచ్చిన భృతిలో మిగిల్చి 1975లో ఒక పాత గ్రామఫోను టర్న్‌టేబుల్ కొన్నాను. ఆంప్లిఫయరు స్వయంగా కట్టాను. స్పీకర్ల పెట్టెలు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక వడ్రంగి చేశాడు. "ఈ పెట్టెలో ఏం దాస్తవు సారూ?" అని అడిగాడు. గాలిని దాస్తానన్నాను. పెట్టె లేని స్పీకరు కాగితం ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నొక్కుతుంది, వెనుకనున్న గాలిని పలుచన చేస్తుంది. ఆ రెండూ చుట్టూ తిరిగి కలిసి ఒకదానినొకటి చంపుకుంటాయి. మందర స్వరాలు మాయమవుతాయి. పెట్టె ఆ వెనుక గాలిని బంధిస్తుంది. లోపలి గోడలకు కొబ్బరిపీచు అంటిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. ఆ సాయంత్రం మృదంగం తొలి దెబ్బ వినగానే వడ్రంగి పెట్టె వెనక్కి పోయి తొంగి చూశాడు. ఆ మనిషి ముఖంలో విభ్రమం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక అసలు విషయానికి వస్తాను.

1977లో నేను జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. నెలకు రెండుసార్లు నాన్నగారి వద్దకు వెళ్ళేవాణ్ణి. ఆయనకు అప్పటికి అరవై దాటాయి. ఒకసారి, "రేడియో పాడైందిరా. వార్తలు చదివేవాళ్ళు మాటలు నమిలి మింగుతున్నట్టున్నది. ధ్వని వస్తున్నది కానీ అర్థం కావడం లేదు" అన్నారు. నేను ఉత్సాహంగా సెట్టు విప్పాను. ఒక చేయి జేబులో పెట్టుకునే. ఫిల్టర్ కండెన్సర్ మార్చాను. నాకు స్పష్టంగానే వినిపించింది. నెల తరువాత మళ్ళీ అదే ఫిర్యాదు. ఈసారి అవుట్‌పుట్ వాల్వు మార్చాను. మూడవసారి స్పీకరే మార్చాను. ప్రతిసారీ ఆయన కొంచెంసేపు విని, "బాగుందిరా" అనేవారు. నా శ్రమను నొప్పించడం ఇష్టం లేక అన్న మాట అది.

ఆ టోన్ మీట పూర్తిగా తీవ్రస్వరాల వైపు తిప్పి ఉండటం నేను చూశాను. వాల్యూము పెరిగిందని అమ్మ విసుక్కోవడం విన్నాను. మనవలు మెల్లగా అడిగితే "ఆఁ?" అనీ, మేము గొంతు పెంచితే "అరవకురా, నాకేమన్నా చెముడా?" అనీ ఆయన అనడమూ విన్నాను. ఉస్తాద్ నేర్పిన సూత్రం తలుచుకుని యంత్రాన్ని మూడుసార్లు విప్పాను. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి చెవి వద్ద ఒక్కసారి ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి చూడలేదు. అది నా వైద్యపు సంచిలోనే ఉన్నది.

తరువాతి సంవత్సరాల్లో ఆయన రేడియో పెట్టడం మానేశారు. అరుగు మీద మిత్రులతో కూర్చోవడం మానేశారు. పెళ్ళిళ్ళకు రానన్నారు. వయసు వచ్చింది, వైరాగ్యం వచ్చింది అనుకున్నాం. 1986లో ఆయన కాలధర్మం చెందారు. రేడియో నా ఇంటికి వచ్చింది.

1988లో ఎల్.బి.నగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. పైన ఒక గది కేవలం నా యంత్రాలకు. క్యాసెట్టు డెక్కు, ఆ తరువాత సీడీ ప్లేయరు, పెద్ద స్పీకర్లు ఒకదాని వెంట ఒకటి చేరాయి. 2009లో ఉద్యోగ విరమణ చేశాక రోజుకు నాలుగు గంటలు అక్కడే. కొన్నేళ్ళకు నాకు ఒక అనుమానం మొదలైంది. స్పీకర్లు మసకబారాయి. తంబురా నాదంలో ఆ మెరుపు లేదు. తాళాల చప్పుడు గుడ్డ కప్పినట్టున్నది. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొత్త ట్వీటర్లు తెచ్చి బిగించాను. తేడా రాలేదు. తీగలు మార్చాను. తేడా రాలేదు.

ఇంట్లో మరొక ప్రహసనం నడుస్తున్నది. మా ఆవిడ వంటింటి నుండి "ఏమండీ, పప్పు వేయనా?" అంటే, "తప్పు నాదా?" అని నేను గుమ్మంలోకి వెళ్ళి వాదానికి దిగేవాణ్ణి. నవ్వుకున్నాం. నవ్వు కొన్నాళ్ళకు విసుగైంది.

2019 వేసవిలో ఒక సాయంత్రం మా మనవరాలు నా పక్కన కూర్చుని వింటూ, "తాతా, ఈ పాట వెనక చిన్న చిన్న గజ్జెలు ఎంత బాగున్నయో!" అన్నది. నేను ఆ రికార్డును నలభై ఏళ్ళుగా వింటున్నాను. గజ్జెలు ఉన్నాయని నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం నాకు వినిపించలేదు. వాల్యూము పెంచాను. ఆ పిల్ల చెవులు మూసుకున్నది. నాకు మాత్రం గజ్జెలు రాలేదు. గదిలో అలమర మీద నాన్నగారి మర్ఫీ రేడియో ఉన్నది. దానివైపు చూసి చాలాసేపు కూర్చున్నాను. నలభై రెండేళ్ళ తరువాత ఆయన ఫిర్యాదు నాకు అర్థమైంది.

మరునాడే వినికిడి పరీక్ష చేయించుకున్నాను. ధ్వని చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమంటారు. వచ్చిన గీతను ఆడియోగ్రాం అంటారు. 1000 హెర్ట్జ్ వరకు నా గీత బాగానే ఉన్నది. ఆ తరువాత కొండచరియలా దిగిపోయింది. పాడైనది ట్వీటరే. కాకపోతే అది స్పీకరులో లేదు.

ఇప్పుడు వైద్యుడిగా కొంత వివరిస్తాను. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కర్ణావర్తం ఉంటుంది. దానిలో ఒక పలుచని పొర చుట్టలు చుట్టుకుని ఉంటుంది. తీవ్ర ధ్వనులకు ఆ పొర మొదట్లోనూ, మందర ధ్వనులకు చివరలోనూ ఎక్కువగా కదులుతుంది. దీనిని కనుగొన్న గియార్గ్ ఫాన్ బెకెషీ గారు వైద్యులు కారు. హంగరీ తపాలా శాఖలో టెలిఫోన్ల మీద పరిశోధన చేసినవారు. ఆయనకు 1961లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మా ఇంటికి రేడియో వచ్చిన సంవత్సరమే అది. ఆ పొర మీద ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. అవి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి నాడికి అందిస్తాయి. మనిషిలో ఒకసారి నశించిన రోమకణం మళ్ళీ పుట్టదు. వయసుతో, పెద్ద శబ్దాలతో ముందుగా దెబ్బతినేవి తీవ్ర ధ్వనులను పట్టే కణాలు.

మాటలో అచ్చులు మందర ధ్వనులు. వాటిలో బలం ఉంటుంది. హల్లులలో చాలావరకు తీవ్ర ధ్వనులు. వాటిలో అర్థం ఉంటుంది. పప్పు, కప్పు, తప్పు అనే మాటలకు తేడా మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లు పోతే శబ్దం వినబడుతుంది, మాట వినబడదు. అందుకే ఇలాంటి వారు "నాకు వినబడుతున్నది, మీరే సరిగ్గా మాట్లాడరు" అంటారు. అది మొండితనం కాదు. వారి అనుభవంలో అది నిజం. పైగా దెబ్బతిన్న చెవికి మెల్లని ధ్వని అందదు గానీ, గట్టి ధ్వని మామూలుకంటే త్వరగా బాధపెడుతుంది. "అరవకురా" అన్న నాన్నగారి మాటకు అర్థం అది.

కంటికి అద్దాలు పెట్టుకుంటే పండితుడంటాం. చెవికి యంత్రం పెట్టుకుంటే నవ్వుతాం. చెవిటివాని ముందు శంఖం ఊదిన సామెతను హాస్యానికి వాడుకుంటాం. ఆ నవ్వుకు వెరచి ఎందరో మౌనంలోకి జారుకుంటారు. మతిమరుపు వ్యాధికి సంబంధించి, నివారించదగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొన్నది. వాటిలో వినికిడి లోపం ఒకటి. నాన్నగారి వైరాగ్యాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ పట్టిక గుర్తుకు వస్తుంది.

నేను రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకున్నాను. మొదటి వారం చిరాకే. కాగితం మడత, చెప్పుల చప్పుడు, పళ్ళెం మీద చెంచా అన్నీ మీదికి వచ్చాయి. మెదడు తిరిగి అలవాటు పడటానికి కొన్ని వారాలు కావాలి. చాలామంది ఈ దశలోనే యంత్రాన్ని సొరుగులో పడేస్తారు. పడేయకండి. అది యౌవనాన్ని తిరిగి ఇవ్వదు. నా తంబురా మునుపటి తంబురా కాలేదు. కానీ గజ్జెలు వచ్చాయి. పప్పు పప్పుగానే వినబడుతున్నది.

పాఠకులారా, మీరు చేయవలసినవి ఇవి. ఇంట్లో పెద్దవారు టీవీ శబ్దం పెంచుతున్నారా, గుంపులో మాట అందుకోలేకపోతున్నారా, ఫోనంటే తప్పించుకుంటున్నారా గమనించండి. ముందు చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. కొన్నిసార్లు కారణం గట్టిపడిన గులిమి మాత్రమే కావచ్చు. దానిని పుల్లలతో, పిన్నీసులతో మీరు తీయకండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే అది అత్యవసరం. తొలి రెండు మూడు రోజుల్లోనే చికిత్స మొదలుకావాలి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు తీసుకునేటప్పుడు చెవిలో హోరు గాని, తల తిప్పు గాని వస్తే వెంటనే వైద్యునికి చెప్పండి.

యువకులకు ఒక లెక్క చెబుతాను. పెద్దవారికి 80 డెసిబెల్‌ల శబ్దం వారానికి 40 గంటలు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ధ్వనిశక్తి రెట్టింపు అవుతుంది. కనుక వ్యవధి సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 మాత్రమే. దిల్‌సుఖ్‌నగర్ నుండి మెట్రో ఎక్కిన విద్యార్థి రైలు మోతను దాటడానికి ఇయర్‌ఫోను శబ్దం పెంచుతాడు. దిగాక తగ్గించడం మరచిపోతాడు. బయటి శబ్దాన్ని ఆపే హెడ్‌ఫోను వాడితే పెంచవలసిన అవసరమే రాదు. ఊరేగింపుల్లో డీజే పెట్టెల ముందు పసిపిల్లలను భుజాన ఎత్తుకుని నిలబడకండి. ఆ పిల్లలు ఆ చెవులతోనే ఎనభై ఏళ్ళు బ్రతకాలి.

నా గదిలో నాన్నగారి రేడియో ఇంకా పనిచేస్తున్నది. దాని వెనుక గ్రామఫోను కోసం పెట్టిన రెండు రంధ్రాలు ఉన్నాయి. వాటికి తీగ తగిలించి మా మనవరాలు తన ఫోనులోని పాటలు అందులో మోగిస్తుంది. ఆకుపచ్చ కన్ను బాగా మసకబారింది. వాల్వులు వేడెక్కే ఆ అర నిమిషం మేమిద్దరం మాట్లాడకుండా కూర్చుంటాం. టోన్ మీట మాత్రం నాన్నగారు చివరగా తిప్పిన చోటనే ఉంచాను. దానిని నేను మార్చలేదు.

మీ ఇంట్లో ఎవరైనా "రేడియో పాడైంది" అంటే, దయచేసి ముందు ఆ మనిషి చెవిని పరీక్ష చేయించండి. రేడియో సంగతి తరువాత చూడవచ్చు.